మా కేటలాగ్‌లో ఉన్న పుస్తకం సెర్చ్‌లో ఎందుకు రాదు? లైబ్రేరియన్లు, సెర్చ్ కంపెనీలు కలిసి చేయగలిగేది ఏమైనా ఉందా?

రిఫరెన్స్‌డెస్క్:
లైబ్రరీలో రిఫరెన్స్ పని చేస్తాను. మొన్న ఒక రీసెర్చ్ స్టూడెంట్ వచ్చాడు, ఒక పాత ఎడిషన్ కోసం మూడు రోజులు ఫోన్‌లో వెతికి వెతికి చివరికి అలాంటి ఎడిషనే లేదేమో అని థీసిస్‌లో ఆ పేరా తీసేశాడంట. అది మా దగ్గర రెండో వరస బీరువాలో ఉంది, కేటలాగ్‌లోనూ ఎక్కించాం! సెర్చ్‌లో కనపడకపోతే లేనట్టే అనుకుంటున్నారు, అదే నా బాధ. మా వైపు నుంచి ఏం చేయాలి, వాళ్ళ వైపు నుంచి ఏం అడగాలి?

సైట్‌మ్యాప్:
ముందు మీ వైపే చూసుకోండి అండి. సెర్చ్ ఇంజిన్ పంపే క్రాలర్ అనే ప్రోగ్రామ్ లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి పోతుంది అంతే, మీ కేటలాగ్ సెర్చ్ బాక్స్‌లో పుస్తకం పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టదు. పైగా చాలా కేటలాగుల్లో వెతికిన ప్రతిసారీ అడ్రస్ మారిపోతుంది, ఇవాళ పనిచేసిన లింక్ రేపు పనిచేయదు. ఒక్కో పుస్తకానికి ఎప్పటికీ మారని లింక్ ఒకటి, ఆ లింకులన్నీ ఉన్న సైట్‌మ్యాప్ ఒకటి కావాలి. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి 2011లో స్కీమా డాట్ ఆర్గ్ అని మొదలుపెట్టాయి కదా, అందులో పుస్తకం, రచయిత, ఎడిషన్ వేరువేరుగా చెప్పే పద్ధతి ఉంది, అది పేజీలో పెట్టమని మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడగండి. ఇంకోటి, సైట్‌లో ఏ పేజీలు క్రాలర్ చూడొచ్చో, ఏవి చూడకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్ ఉంటుంది, అది తప్పకుండా చూడండి.

కేటలాగర్:
పై రిప్లై కరెక్టే కానీ కంపెనీల వైపు కూడా చాలా ఉంది. 2004లో గూగుల్ హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, మిషిగన్, ఆక్స్‌ఫర్డ్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలతో కలిసి పుస్తకాల స్కానింగ్ మొదలుపెట్టింది. స్కాన్లు గుట్టలుగా వచ్చాయి, వివరాలే గందరగోళం. 2009లో జెఫ్రీ నన్‌బర్గ్ అనే భాషా శాస్త్రవేత్త లెక్కలేనన్ని పుస్తకాల మీద 1899 అనే తప్పు సంవత్సరం ఉందని బయటపెట్టాడు. బీరువా ముందు నిలబడి టైటిల్ పేజీ తిప్పి చూసే మనిషికి ఒక్క నిమిషం పని అది! అందుకే నేను అడిగేది ఒక్కటే, లైబ్రేరియన్ పంపిన సవరణ మనిషి చదివే చోటికి వెళ్ళాలి, ఏమైందో తిరిగి జవాబు రావాలి.

పేర్ల సంగతి చూడండి. ఒకరు టాల్‌స్టాయ్ అని రాస్తారు, ఇంకొకరు తోల్స్తోయ్ అని, రష్యన్ లిపి సరేసరి. ఇవన్నీ ఒక్క మనిషే అని కలిపి పెట్టే అథారిటీ ఫైళ్ళు లైబ్రరీలు ఎప్పటి నుంచో రాసుకుంటూ వస్తున్నాయి, వయాఫ్ (VIAF) అనే అంతర్జాతీయ ఉమ్మడి ఫైల్ లాంటి చోట వేరువేరు దేశాల జాతీయ లైబ్రరీల ఫైళ్ళని ఒకదానికొకటి ముడిపెట్టారు. సెర్చ్‌కి ఇంతకంటే పనికొచ్చే సరుకు ఏముంటుంది?

స్కానింగ్‌కి కంపెనీతో ఒప్పందం రాసుకుంటే మాత్రం స్కాన్ కాపీ మీ దగ్గరా ఉండేలా రాసుకోండి. 2008లో హాథీట్రస్ట్ అనే యూనివర్సిటీల ఉమ్మడి డిజిటల్ లైబ్రరీ పుట్టిందంటే యూనివర్సిటీలు తమ కాపీలు తాము ఉంచుకోబట్టే.

పాఠకురాలు:
పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఆల్రెడీ ఒక చిన్న ఏర్పాటు ఉంది, లైబ్రరీ తన దగ్గర ఏ జర్నల్స్ ఉన్నాయో లిస్ట్ ఇస్తే ఆ వ్యాసం పక్కనే ఆ లైబ్రరీ లింక్ వస్తుంది. నాకు ఒకటే భయం. పుస్తకం తిరిగి ఇచ్చేశాక ఎవరు చదివారన్న రికార్డు చెరిపేసే లైబ్రరీలు చాలా ఉన్నాయి, సెర్చ్ కంపెనీలు ఎవరేం వెతికారో దాచుకుంటాయి. పుస్తకాల వివరాలు ఎంతైనా ఇవ్వండి, చదివేవాళ్ళ వివరాలు మాత్రం ఒక్కటి కూడా దాటకూడదు.

రిఫరెన్స్‌డెస్క్:
అందరికీ థ్యాంక్స్ అండి. రోబోట్స్ ఫైల్ ఇప్పుడే తెరిచి చూశాం, మొత్తం కేటలాగ్‌ని ఏ క్రాలరూ చూడకూడదని ఒకే ఒక్క లైన్ ఉంది, సర్వర్ మీద లోడ్ పడుతోందని ఎప్పుడో పెట్టారంట, తర్వాత ఎవరూ తీయలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మెయిల్ పెట్టాను, మారని లింకుల గురించి కూడా అడిగాను. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబర్) లేని పాత పుస్తకాలే మా దగ్గర ఎక్కువ, వాటికి ప్రచురణకర్త, సంవత్సరం సరిగ్గా ఉన్నాయో లేదో రేపటి నుంచి బీరువా బీరువాకీ చూసుకుంటూ వెళ్తాం. ఆ స్టూడెంట్‌కి కూడా ఫోన్ చేసి చెప్పాను, ఆ పేరా మళ్ళీ పెట్టుకుంటానన్నాడు.