గజల్లో బుల్‌బుల్, పెరట్లో పిగిలిపిట్ట

ప్రశ్న: ఒక ఉర్దూ గజల్‌కి తెలుగు చదువుతున్నానండీ. ‘బుల్‌బుల్’ అన్నచోటల్లా ‘పిగిలిపిట్ట’ అని వేశారు. మా ఊళ్లో పిగిలిపిట్ట అంటే జామపండు పొడిచిపోయేది. గులాబీ కోసం రాత్రంతా కుమిలిపోయే పిట్ట అదేనా?

జవాబు: కాదండీ. పారసీ కవుల బుల్‌బుల్ అంటే నైటింగేల్. మట్టిరంగు పిట్ట, చూపుకి ఆనదు. ఇరాన్ తోటల్లో వసంతం వస్తే రాత్రిళ్లు కూడా పాడుతుంది. మన పెరళ్లలో అది ఉండదు. కవిత్వంతో పాటు పేరొక్కటే ఇటొచ్చి వేరే పిట్టకు అతుక్కుంది.

మీ జామచెట్టు మీదిది నల్లతల, వెనక్కి లేచిన పొట్టి జుట్టు, ఒంటి మీద పొలుసుల్లాంటి గీతలు. ఎగిరితే తోక మొదట్లో తెల్లగా మెరుస్తుంది, తోక కింద కుంకుమంత ఎరుపు. మొత్తం 20 సెంటీమీటర్లు ఉంటుందేమో. విరహం దీని ఒంటికి సరిపడదు. పోయినేడు మా బాల్కనీలో మల్లెకుండీలో గూడు కట్టింది. గిన్నెలాంటి గూడు, మూడు గుడ్లు, లేతగులాబీ రంగు మీద ఎర్రచుక్కలు. రెండు వారాలు నేను చెంబు పట్టుకుని వెళ్తే చాలు, రెయిలింగ్ మీద నుంచి ఒకటే తిట్లు. మల్లెచెట్టు సగం ఎండింది.

పేరు సంగతి చూడండి. హిందీలో గుల్‌దుమ్, అంటే పూలతోక. తమిళంలో కొండైక్కురువి, అంటే కొప్పుపిట్ట. ఒకరు వెనక చూశారు, ఒకరు తల చూశారు. మన ‘పిగిలి’కి మా అమ్మమ్మ కథ: దాని తోక దగ్గర కుట్టు పిగిలి లోపలి ఎర్రగుడ్డ బయటపడిందట. చొక్కా కుట్టు పిగిలింది అంటాం కదా, అదే మాట. వ్యుత్పత్తిగా నేను నమ్మను గానీ, ఆ పిట్టని చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

మరొకరు: శాస్త్రవేత్తలూ తక్కువ తినలేదు లెండి. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1766లో దీని శాస్త్రీయ నామంలో ‘కేఫర్’ (దక్షిణాఫ్రికాది) అని పెట్టాడు, అక్కడి పిట్ట అనుకుని! దక్షిణాఫ్రికాలో ఈ పిట్టే లేదు. పొరపాటు తెలిసినా పేరు మారలేదు. అన్నట్టు, నిటారు జుట్టు, చెంప మీద ఎర్రమచ్చ ఉండే ఇంకో రకాన్ని తురక పిగిలిపిట్ట అనేవారు.

ప్రశ్న వేసినవారు: మరి ‘కోకిల’ అని వేస్తే? సరోజినీ నాయుడుని ‘నైటింగేల్ ఆఫ్ ఇండియా’ అంటే మనం భారత కోకిల అన్నాం కదండీ.

జవాబు: బిరుదుకి బానే కుదిరింది. కాకపోతే కుహూ అని కూసేది మగకోకిల! గజల్లో అయితే బుల్‌బుల్‌ని బుల్‌బుల్‌గానే ఉంచడం మేలు. గులాబీ పక్కన పిగిలిపిట్టని కూర్చోబెడితే అది పాడదు, పురుగులేమైనా ఉన్నాయా అని ఆకులు తిరగేస్తుంది.

ప్రశ్న వేసినవారు: నిజమేనండీ. ఇప్పుడే మా కుండీలో పండుమిరపకాయ ఒకటి తెంపుకుపోయింది.