పైథాన్ నుంచి గ్యాప్‌కి పర్మ్యుటేషన్ గ్రూప్ పంపితే ప్రొసీజర్ టర్మినేటెడ్ అని వస్తోంది

గ్యాప్‌లో (గ్రూప్ థియరీ లెక్కలు చేసే ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్) ఎస్‌సీఎస్‌సీపీ (గణిత సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోటోకాల్) సర్వర్ నడుపుతున్నాను, లోకల్‌హోస్ట్, పోర్ట్ 26133. పైథాన్‌లో సొంతంగా రాసిన చిన్న క్లయింట్‌తో దానికి కనెక్ట్ అవుతున్నాను. హ్యాండ్‌షేక్‌లో తేడా లేదు: సర్వర్ తను సపోర్ట్ చేసే వెర్షన్లు చెబుతుంది, నేను 1.3 అంటాను, అదీ సరే అంటుంది.

పూర్ణాంకాలు పంపితే జవాబు వెంటనే వస్తోంది. పూర్ణాంకాల లిస్టులు కూడా ఓకే. చిక్కంతా గ్రూప్ దగ్గరే. (1,2,3), (1,2) జనరేటర్లుగా ఉన్న గ్రూప్‌ని ఓపెన్‌మ్యాథ్‌లో (గణిత ఆబ్జెక్టులను రాసే ఉమ్మడి ఫార్మాట్) రాసి సైజ్, అంటే అందులో ఎన్ని పర్మ్యుటేషన్లున్నాయో, అడిగితే 6 రావాలి కదా, దానికి బదులు సిస్టమ్ స్పెసిఫిక్ ఎర్రర్‌తో ప్రొసీజర్ టర్మినేటెడ్ మెసేజ్ వస్తోంది. కనెక్షన్ మాత్రం తెగడం లేదు, తర్వాతి కాల్ మామూలుగానే పనిచేస్తుంది.

పర్మ్యుటేషన్లను ఇమేజ్ లిస్టులుగా (1, 2, 3 ఎక్కడికి వెళ్తాయో వరసగా: 2 3 1, 2 1 3) రాశాను. తర్వాత సైకిల్స్‌గా మార్చి చూశాను. రెండిటికీ అదే ఎర్రర్. సర్వర్ వైపు ఒక ప్రొసీజర్ రిజిస్టర్ చేసి, మామూలు లిస్టులు తీసుకుని అక్కడే గ్రూప్ కట్టిస్తే 6 వచ్చేస్తోంది. అంటే లెక్కలో లోపం లేదు, నా ఎన్‌కోడింగే సర్వర్‌కి అర్థం కావడం లేదు. ఈ దొంగదారితో పని నడుస్తుంది కానీ, ప్రతి ఆబ్జెక్ట్‌కీ ఇలా విడిగా ప్రొసీజర్ రాసుకుంటే ఉమ్మడి ప్రోటోకాల్ ఉండి ఏం లాభం?

ఓపెన్‌మ్యాథ్‌లో పర్మ్యుటేషన్ గ్రూపుల సింబల్స్ ఉండే పర్మ్‌జీపీ1 డిక్షనరీలోని గ్రూప్ సింబల్‌కి జనరేటర్ల కంటే ముందు, కంపోజిషన్ ఏ వైపు నుంచో చెప్పే సింబల్‌ని మొదటి ఆర్గ్యుమెంట్‌గా తప్పనిసరిగా ఇవ్వాలా?