సిగ్నల్ "పడింది" అంటే వచ్చినట్టా, పోయినట్టా?

అడిగినవారు:
పాలిటెక్నిక్ పిల్లలకు 8085 అనే మైక్రోప్రాసెసర్ మీద నోట్సు తెలుగులో రాస్తున్నాను. సిగ్నల్ తన పని చేసే స్థితికి రావడాన్ని ఇంగ్లీషులో "అసర్ట్" అంటారు, ఆ మాట దగ్గర బండి ఆగింది. నిఘంటువు తీస్తే "నొక్కి చెప్పు, ఉద్ఘాటించు" అంటోంది. చదవమని (రీడ్) చెప్పే 32వ పిన్ను, ఆర్‌డీ బార్, ఏం ఉద్ఘాటిస్తుంది పాపం! ఆ తీగ ఊరికే ఉన్నప్పుడు 5 వోల్టుల వైపు ఉంటుంది. మెమరీలోంచి బైటు కావాల్సినప్పుడు ప్రాసెసర్ దాన్ని 0 వైపు దించుతుంది. పేరు నెత్తిన గీసే గీత, మనం "బార్" అని చదివేది, ఆ సంగతే చెబుతుంది. నేను "ఆర్‌డీ బార్ సిగ్నల్ ఇచ్చినప్పుడు" అని రాశాను. ఒక కుర్రాడు లేచి, "సార్, ఇచ్చినప్పుడు అంటున్నారు, బొమ్మలో గీత దిగిపోతోంది కదా" అన్నాడు. "నిమ్న క్రియాశీల సంకేతం" అని మారిస్తే, దాన్ని తెలుగులో చెప్పమన్నాడు.

రైల్వేలో పనిచేసిన సభ్యులు:
మాట మన నోట్లోనే ఉంది మాస్టారూ. స్టేషన్లో "సిగ్నల్ పడింది" అనగానే జనం సంచులు సర్దుకునేవాళ్ళు. పాత చెయ్యి సిగ్నల్ అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే రమ్మని. తీగ తెగితే బరువు లాగి చెయ్యి మళ్ళీ అడ్డంగా నిలబడుతుంది, బండి ఆగుతుంది. మీ ఆర్‌డీ బార్ కూడా పడితేనే కదా పని జరిగేది? "ఆర్‌డీ బార్ పడింది" అని రాసేయండి.

తెలుగు పండితులు:
బాగుంది గానీ, రోడ్డు మీద "సిగ్నల్ పడింది" అంటే బండి ఆపుతాం. రెండు చోట్లా మాట ఒకటే, ఫలితం ఎదురెదురు.

సర్క్యూట్ల పనిలో ఉన్న సభ్యురాలు:
రోడ్డు దాకా ఎందుకండీ, 8085లోనే చిక్కుంది. అడ్రసును పట్టుకోమని చెప్పే 30వ పిన్ను ఏఎల్ఈకి బార్ లేదు. 8085లో ఎనిమిది తీగలు ముందు అడ్రసు కింది సగాన్ని మోసి, తర్వాత అవే డేటాను మోస్తాయి. మొదటి క్లాకులో ఏఎల్ఈ లేచి ఉన్నంతసేపూ 74ఎల్ఎస్373 లాచ్ (వచ్చినదాన్ని పట్టి ఉంచే చిప్పు) తలుపు తెరిచి అడ్రసును లోపలికి రానిస్తుంది. ఏఎల్ఈ పడగానే తలుపు మూసి ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అంటే ఆర్‌డీ బార్ పడితే పని మొదలు, ఏఎల్ఈ పడితే పని ముగింపు. "పడింది" తీగ ఎక్కడుందో చెబుతుంది, పని అడిగిందో లేదో చెప్పదు. ఆ కుర్రాడు తికమకపడింది సరిగ్గా ఇక్కడే.

తెలుగు పండితులు:
అలాగైతే రెండు మాటలు కావాలి. తీగకు లేవడం, పడడం ఉంచండి. సిగ్నల్‌కు "పలకడం" ఇవ్వండి. నాదస్వరం పలికింది అంటాం, గంట పలికింది అంటాం. దాని పని అది చేసిందని అర్థం. ఆర్‌డీ బార్ పడితే పలుకుతుంది. ఏఎల్ఈ లేస్తే పలుకుతుంది.

అడిగినవారు:
ఇది నచ్చింది. రాసి చూశాను: "ఆర్‌డీ బార్ పలికింది. మెమరీ ఇంకా సిద్ధంగా లేదు, రెడీ పలకలేదు. ప్రాసెసర్ ఒక క్లాకు ఆగి మళ్ళీ చూసింది." చదివితే అడ్డు తగలడం లేదు. మరి తీగలు తనకిమ్మని వేరే చిప్పు అడిగే హోల్డ్ వచ్చినప్పుడు? అప్పుడు 8085 సరేనని చెప్పే హెచ్ఎల్‌డీఏ పలికించి, అడ్రసు, డేటా తీగలనూ ఆర్‌డీ బార్, రాయమని (రైట్) చెప్పే డబ్ల్యూఆర్ బార్‌లనూ వదిలేస్తుంది. అవి పైనా ఉండవు, కిందా ఉండవు. "ఉలుకూ పలుకూ లేదు" అందామా?

సర్క్యూట్ల పనిలో ఉన్న సభ్యురాలు:
వద్దండి. పలకని తీగ వేరు, వదిలేసిన తీగ వేరు. పలకని ఆర్‌డీ బార్‌ను ప్రాసెసర్ పైన గట్టిగా పట్టుకునే ఉంటుంది. వదిలేస్తే ఇంకొకరు పట్టుకోవచ్చు, డీఎంఏ (ప్రాసెసర్‌ను పక్కనపెట్టి మెమరీతో నేరుగా డేటా మార్చుకునే పద్ధతి) చేసేది అదే. "పట్టు వదిలింది" చాలు. ఈ పడి పలికే అలవాటుకు కారణం కూడా పిల్లలకు చెప్పండి. 74ఎల్ఎస్ రకం చిప్పులోని గేటు కిందికి 8 మిల్లీఆంపియర్లు లాగగలదు, పైకి ఇవ్వగలిగేది 0.4. లాగడంలో ఉన్న బలం నెట్టడంలో లేదు.

రైల్వేలో పనిచేసిన సభ్యులు:
ఓడిపోయాను, సరే. కానీ ఇంటరప్టులకు, అంటే చేస్తున్న పని ఆపి తమను చూడమనే సిగ్నళ్ళకు, "పలకడం" చాలదేమో! ఆర్ఎస్‌టీ 7.5 ఒక్కసారి లేచి పడినా 8085 గుర్తుపెట్టుకుంటుంది. 6.5, 5.5 మాత్రం చూసేదాకా లేచే ఉండాలి. మొదటిది తలుపు తట్టి పోయేవాడు, మిగతా ఇద్దరూ గుమ్మంలో నిలబడి పిలిచేవాళ్ళు.

అడిగినవారు:
"తట్టింది", "పిలుస్తోంది" రెండూ నోట్సులోకి ఎక్కించాను. ఇక ట్రాప్ అనే ఇంటరప్టు మిగిలింది. అది తట్టాలి, తట్టాక నిలబడి పిలుస్తూనూ ఉండాలి. అప్పులవాడి లాంటిది. దానికి ఒక్క మాట ఎవరైనా చెబుతారా?