క్లబ్ ఆటలకు వాట్సాప్‌లో పేర్లు తీసుకోవడం గందరగోళంగా ఉంది, మీరెలా చేస్తున్నారు?

అందరికీ నమస్కారం. మా బ్యాడ్మింటన్ క్లబ్‌లో వారానికి 2 సార్లు సరదాగా ఆడుకోవడానికి కలుస్తాం. ఉన్నవి 2 కోర్టులు. డబుల్స్ కాబట్టి ఒకేసారి 8 మంది ఆడొచ్చు, 12 మంది వస్తే మారుతూ ఆడటానికి సరిపోతుంది. గ్రూపులో మాత్రం 60 మందికి పైనే ఉన్నాం.

పోల్ పెడితే 12 ఓట్లు పడగానే అది ఆగదు, ఇంకా నొక్కుతూనే ఉంటారు. జాబితాను కాపీ చేసి కింద తమ పేరు చేర్చి పంపే పద్ధతి కూడా చూశాం. ఇద్దరు ఒకేసారి పంపితే ఒకరి పేరు ఎగిరిపోతుంది. పోయిన వారం అలాగే పేరు పోయిన ఒక పెద్దాయన వచ్చి, చోటు లేక కాసేపు కూర్చుని వెళ్లిపోయారు. నాకు చాలా బాధేసింది. కొత్తగా చేరినవాళ్లయితే ఆ మెసేజ్‌ల వరద చూసి పేరు ఇవ్వడానికే మొహమాటపడుతున్నారు, వాళ్ల గురించే నాకు బెంగ ఎక్కువ.

వెయిటింగ్ లిస్టు ఎలా నడుపుతున్నారు? చివరి నిమిషంలో మానేసేవాళ్ల విషయంలో ఏం నియమం పెట్టారు? అడ్మిన్‌లు మాత్రమే రాసే గ్రూపు ఒకటి పెట్టి, పేర్లు గూగుల్ షీట్‌లో తీసుకుంటే మేలా? ఫోన్ అంతగా అలవాటు లేని పెద్దవాళ్లకూ కుదిరే దారి ఉంటే దయచేసి చెప్పండి.