ఇన్సులిన్‌ను మోహన రాగంలో వినిపించడం ఎలా?

మానవ ఇన్సులిన్‌లోని అమైనో ఆమ్లాల వరుసకు కంప్యూటర్‌లో స్వరాలు కడుతున్నాను. ఆమ్లాలు 20 రకాలు. మోహనంలోని ఐదు స్వరాలను నాలుగు స్థాయిల్లో తీసుకుంటే చక్కగా సరిపోయాయి. 21 ఆమ్లాల ‘ఎ’ గొలుసును వీణ నాదంలో, 30 ఆమ్లాల ‘బి’ గొలుసును వయొలిన్ నాదంలో కలిపి వినిపిస్తున్నాను.

చిక్కంతా రెండు గొలుసులనూ కట్టిపడేసే గంధకపు బంధాల దగ్గరే. రెండింటిలోనూ ఏడో స్థానంలో ఉన్న సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఒకేసారి పలుకుతాయి, వినడానికి ఎంత బాగుంటుందో! రెండో బంధం మాత్రం ‘ఎ’లోని 20వ స్థానానికీ ‘బి’లోని 19వ స్థానానికీ మధ్య ఉంది. అంటే ఒక అక్షరకాలం తేడా. వయొలిన్‌లో ఆ 19వ స్వరాన్ని సాగదీయాలా, ముందే ఎక్కడైనా విరామం ఇవ్వాలా? వరుసలో ఒక్క స్వరాన్నీ మార్చను.

పైగా స్థాయి నుంచి స్థాయికి దూకడంతో మోహనం ఛాయే నిలవడం లేదు. గమకాలతో (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడంతో) అతికించవచ్చా? సంగీతం తెలిసినవారు దయచేసి చెప్పండి.