మోంటూనోను నెరవల్ అనవచ్చా?

క్యూబా అంధ సంగీతకారుడు ఆర్సేనియో రొడ్రిగేజ్ మీద వ్యాసం రాస్తున్నాను. "సోన్ మోంటూనో" దగ్గర పెన్ను ఆగింది. సోన్ అంటే క్యూబా నాట్యసంగీతం, అందులో ఒక రకం ఇది. ఈ పాటలో మొదటి భాగం ముందే రాసి ఉంటుంది. తర్వాతి మోంటూనోలో కోరస్ ఒక చిన్న పంక్తిని పదేపదే పాడుతుంటే, మధ్య ఖాళీల్లో గాయకుడు అప్పటికప్పుడు మాటలు కట్టి పాడతాడు. దీన్ని తెలుగులో, కర్ణాటక సంగీతంలోలా నెరవల్ అంటే సరిపోతుందా అండీ?

– సరిపోదండీ. నెరవల్లో సాహిత్యం అదే, దాన్ని పాడే సంగతులే మారతాయి. ఇక్కడ గాయకుడు మాటలనే పుట్టించాలి. అదీ కోరస్ మళ్ళీ అందుకునేలోపు, పాటంతా నడిపించే క్లావే అనే దరువు తప్పకుండా! ఇది ఆశువే.

– ఆర్సేనియో వాయించింది ట్రెస్ కదా, మూడు జతల తీగల గిటారు. ఆశువుతో ఆయనకేం పని?

– చాలా ఉంది. పాటలో ఆ ఆశుభాగాన్ని పెంచి, దానికి బలమైన వాద్యబృందాన్ని అమర్చింది ఆయనే. 1911లో మతాన్సాస్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నతనంలో పశువు తలమీద తన్నడంతో చూపు పోయింది. 1930ల చివర్లో కసీనో దె లా ప్లాయా అనే పేరున్న బ్యాండ్ ఆయన పాటలు రికార్డు చేసింది. పాటలు కట్టేవాడిగా పేరొచ్చింది అలాగే. 1937 నాటి "బ్రూకా మనీగువా"లో స్పానిష్‌తో కాంగో మాటలు కలిపాడు. ఆయన పూర్వీకులు కాంగో మూలాలవాళ్ళు. భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆ ఒక్క పాటైనా వినాలి.

1940 ప్రాంతంలో సొంత బృందం పెట్టుకున్నాడు. అప్పటిదాకా సోన్ బృందాల్లో మామూలుగా ఒక్క ట్రంపెటే. ఆయన ట్రంపెట్లు పెంచాడు, పియానో, కాంగా డ్రమ్ము చేర్చాడు. పాడేవాడు ఎంతసేపు అల్లినా కింద దరువు సడలదు. నాట్యం చేసేవాళ్ళూ ఆగరు. తర్వాత న్యూయార్క్‌లో సల్సా అనే నాట్యసంగీతం కట్టినవాళ్ళు ఈ అమరికనే పునాదిగా తీసుకున్నారు. 1947లో చూపు కోసం న్యూయార్క్ వెళ్తే డాక్టరు లాభం లేదన్నాడు. ఆ తర్వాత కూడా సంగీతం వదల్లేదు. 1970లో లాస్ ఏంజలెస్‌లో చనిపోయాడు.

– ఆయన్ని "ఎల్ సియేగో మారవియోసో" అనేవారు. దాన్ని "గుడ్డి వింత" అని రాస్తారేమో, దయచేసి వద్దు. జనం ఆరాధనతో పెట్టిన పేరది. "అంధ అద్భుతం" అంటే మర్యాద నిలుస్తుంది.

– మోంటూనో అంటే కొండప్రాంతానిది అని. ఆ పేరు మార్చకండి. మొదటిసారి వచ్చినచోట "ఆశు చరణాల భాగం" అని వివరించి, ఆపైన మోంటూనో అనే రాయండి. కోరస్ పంక్తిని మాత్రం పల్లవి అనేయొచ్చు, ఇబ్బంది లేదు.