గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే గ్రామసభ తీర్మానం అక్కర్లేదా?

అందరికీ నమస్కారం. రాజ్యాంగం ఆదివాసీలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూల్ ప్రాంతంలో మా ఆదివాసీ పల్లెల తరఫున పనిచేస్తున్నాను. మా కొండ మీద గని తవ్వకానికి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. అందులో మాట్లాడితే చాలు, వేరే గ్రామసభ ఎందుకంటున్నారు అధికారులు. ఇది నాకు ఏమాత్రం న్యాయంగా లేదు. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల మీద గని కేసులో సుప్రీంకోర్టు ఆ విషయం గ్రామసభలకే వదిలితే, 12 పల్లెలూ గని వద్దన్నాయి కదా! 2006 అటవీ హక్కుల చట్టం కింద మేమూ అలా తీర్మానం చేయొచ్చా? ఊటలు, పోడు భూములు, మా దేవతలుండే చోట్లు అందులో ఎంత వివరంగా రాయాలి?

ఇంకోటి, పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. మాకు ఇంగ్లీషుదే చూపించారు. పెద్దవాళ్లకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దీనిపై ఎవరికి రాయాలి? ఇలాంటి తీర్మానం చేసినవాళ్లు, లాయర్లు ఉంటే దయచేసి చెప్పండి.